మొలలేనని ఊరుకోవచ్చునా?

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరంలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్లు వినిపిస్తూనే ఉంటుంది. లక్షల సంఖ్యలో ఉన్న ఆ మగ్గాలను నడిపే చేతులలో తెలుగువారి చేతులు తక్కువేమీ కావు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి తరతరాలుగా తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో స్థిరపడినాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నదంటే ఆ జనసంఖ్యను ఊహించుకోవచ్చును. సిరిసిల్లలో వలెనే ఇక్కడి మనవారు కూడ మరమగ్గాన్ని 'సాంచ' అనే పిలుస్తారు.

సాంచకు విశ్రాంతి లేదు. దానిని నడిపేవానికి అంతకంటె లేదు. పన్నెండు గంటల పాళీ, నేసిన మీటర్ల లెక్కన కూలి. ఒక పూట పని మానితే ఆ పూట కూలి పోయినట్లే. ఇట్టి జీవితంలో మలంతోపాటు నాలుగు చుక్కల నెత్తురు కనబడినంత మాత్రాన ఎవరు ఆసుపత్రికి పరుగెత్తుతారు? మొదట మిరపకాయ మానివేస్తారు. తరువాత తోటివాడు చెప్పిన లేపనం కొంటారు. అటుపిమ్మట గోడమీది ప్రకటన చూచి, మొలలను కోత లేకుండా మాన్పుతానని చెప్పే వ్యక్తి వద్దకు పోతారు. అసలైన వైద్యుని ముందు కూర్చునేసరికి నెలలు గడిచిపోతాయి.

చాలామంది విషయంలో ఆ నెత్తురు నిజంగా మొలల వల్లనే వస్తుంది. ఆలస్యం వలన పెద్ద నష్టం ఉండదు. కాని కొద్దిమంది విషయంలో అది మొలలు కాదు. పెద్దప్రేగులోనో, పురీషనాళంలోనో పెరుగుతున్న క్యాన్సరు పంపిన తొలి హెచ్చరిక. ఆ కొద్దిమందికి కొన్ని నెలల ఆలస్యమే ప్రాణానికీ మరణానికీ నడుమ తేడా కావచ్చును.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచమంతటా 19 లక్షలకు పైగా ప్రజలు ఈ వ్యాధికి గురియైనారు. 9 లక్షల మందికి పైగా మరణించారు. క్యాన్సరు మరణాలలో ఊపిరితిత్తుల క్యాన్సరు తరువాతి స్థానం దీనిదే. పాశ్చాత్య దేశాలతో పోల్చితే భారతదేశంలో దీని రేటు తక్కువే. అయితే మన జనాభా అపారం కనుక తక్కువ రేటు కూడ పెద్ద సంఖ్యగా మారుతుంది. పైగా మన ఆసుపత్రులకు వచ్చే రోగులలో 50 ఏళ్లు నిండనివారి పాలు అక్కడికంటె అధికం. పురీషనాళపు క్యాన్సరు పాలు కూడ అధికమే. వ్యాధి ముదిరిన పిమ్మట వచ్చేవారే ఎక్కువ.

అయిదడుగుల నాళం

మనిషి పెద్దప్రేగు పొడవు సుమారు అయిదడుగులు. పొట్టకు కుడివైపు క్రిందిభాగాన మొదలై, పైకి పోయి, అడ్డముగా ఎడమవైపునకు సాగి, మరల క్రిందికి దిగుతుంది. దాని చివరి జానెడు కంటె తక్కువ భాగమే పురీషనాళం. జీర్ణమైన ఆహారంలోని సారాన్ని చిన్నప్రేగు గ్రహించిన తరువాత, మిగిలిన ద్రవంలోని నీటిని పీల్చి గట్టిపరచి, బయటకు పంపే వరకు నిలువచేయడం పెద్దప్రేగు పని.

ఈ నాళపు లోపలి పొర నిరంతరం అరిగిపోతూ, నిరంతరం క్రొత్తదవుతూ ఉంటుంది. అక్కడి కణాలు నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి, వాని స్థానంలో కొత్త కణాలు పుడతాయి. ఇన్ని కోట్ల కణాలు ఇంత వేగంగా విభజన చెందేచోట ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు జరుగక మానదు. ఏ కణంలోనైనా పెరుగుదలకు కళ్లెం వేసే జన్యువు చెడిపోతే, ఆ చోట చిన్న బుడిపె మొలుస్తుంది. దీనినే వైద్యులు 'పాలిప్' అంటారు. చూచుటకు పుట్టగొడుగువలె కాడతోగాని, కాడ లేక చదునుగా గాని ఉంటుంది. నొప్పి ఉండదు. అత్యధిక సంఖ్యాకమైన పాలిప్‌లు ఎన్నటికీ క్యాన్సరుగా మారవు. కొన్ని మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా మరికొన్ని జన్యుదోషాలను కూడగట్టుకొని, చివరకు ప్రేగుగోడలోనికి వేళ్లు తన్నుతాయి. ఈ క్రమాన్ని 1990లో అమెరికాకు చెందిన ఎరిక్ ఫియరన్, బర్ట్ వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు మెట్లు మెట్లుగా వివరించారు.

పాలిప్ క్యాన్సరుగా మారడానికి సాధారణంగా పది సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పడుతుంది. ఇంత దీర్ఘమైన గడువు ఇచ్చే క్యాన్సర్లు అరుదు. ఆ పదేళ్లలో ఎప్పుడైనా పాలిప్‌ను కనిపెట్టి తీసివేస్తే రాబోయే క్యాన్సరు రాకుండానే పోతుంది.

ఒకే గుర్తు, పలు రోగాలు

మలద్వారం నుండి రక్తం వచ్చినప్పుడల్లా క్యాన్సరని భయపడటం ఎంత తప్పో, మొలలేనని నిశ్చింతగా ఉండటం అంత తప్పు. పలు వ్యాధులు ఒకే వేషంతో వస్తాయి.

మొలలు అనగా మలద్వారం వద్ద ఉండే రక్తనాళపు మెత్తలు ఉబ్బి జారడం. ముక్కి ముక్కి విరేచనం చేసేవారికి, గర్భిణులకు ఇవి సామాన్యం. నెత్తురు ఎర్రగా, తాజాగా, మలవిసర్జన చివర చుక్కలుగా పడుతుంది. తరచు నొప్పి ఉండదు. మలద్వారపు చర్మం చీలినప్పుడు మాత్రం కత్తితో కోసినట్లు బాధ కలుగుతుంది. మలద్వారం ప్రక్కన పుండై చీము కారే భగందరం మరొకటి.

అమీబా వలన వచ్చే జిగట విరేచనాలలోను రక్తం, బంక కలిసి పడతాయి. ప్రేగులకు సోకే క్షయ మన దేశంలో మరువరాని వ్యాధి: సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, పొట్టలో గడ్డ — ఈ లక్షణాలతో అది క్యాన్సరును అచ్చంగా అనుకరించగలదు. ప్రేగు నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూస్తే తప్ప రెంటినీ వేరుచేయడం నిపుణులకు కూడ కష్టమవుతుంది.

పెద్దప్రేగు లోపలి పొర వాచి పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్, జీర్ణనాళంలో ఎచ్చటనైనా పుట్టగల క్రోన్స్ వ్యాధి — ఈ రెండూ సంవత్సరాల తరబడి వస్తూ పోతూ ఉంటాయి. పెద్దప్రేగులో అధికభాగం ఎనిమిది, పదేళ్లపాటు వాచియున్నవారికి క్యాన్సరు వచ్చే అవకాశం పెరుగుతుంది. కనుక అట్టివారు బాగున్నామనిపించినప్పుడు కూడ నియమితకాలంలో పరీక్షలు చేయించుకోవలసి ఉంటుంది.

ఇక పరీక్షలలో ఏ పుండూ, ఏ వాపూ కనబడకున్నా కడుపునొప్పి, ఒకనాడు బంధం, ఒకనాడు విరేచనాలతో వేధించేది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇది క్యాన్సరుగా మారదు. అయితే ఇది రక్తస్రావం కలిగించదు, బరువు తగ్గించదు, నిద్రనుండి లేపి విరేచనానికి పంపదు. ఈ మూడింటిలో ఏది కనబడినా కారణం వేరే చోట వెదకవలసిందే.

గమనింపదగిన లక్షణాలు

క్యాన్సరు ఉన్న స్థానాన్ని బట్టి దాని భాష మారుతుంది. ఎడమవైపు ప్రేగు సన్నగా ఉంటుంది. అందలి మలం గట్టిగా ఉంటుంది. కనుక అక్కడ గడ్డ పెరిగితే మలబద్ధం, సన్నని మలం, పొట్ట ఉబ్బరం కలుగుతాయి. కుడివైపు ప్రేగు వెడల్పు. అందలి మలం పలుచన. అక్కడి గడ్డ దారికి అడ్డురాక, కంటికి కనబడనంత కొద్దికొద్దిగా రక్తం కార్చుతుంది. రోగి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసపడతాడు. బలహీనతకు టానిక్కులు త్రాగుతూ కాలం గడుపుతాడు. నడివయస్సు దాటిన పురుషునికి, ముట్లుడిగిన స్త్రీకి కారణం తెలియని రక్తహీనత కలిగితే ప్రేగులను పరీక్షించనిదే ఇనుము మాత్రలతో సరిపుచ్చరాదు.

పురీషనాళపు క్యాన్సరు మాట మరీ మోసకారి. విరేచనం అయిన తరువాత కూడ ఇంకా లోపల ఏదో మిగిలియున్నట్లు అనిపిస్తుంది. మరల పోతే కొంచెం బంక, కొంచెం నెత్తురు. దీనిని జిగట విరేచనాలని భావించి మాటిమాటికి అవే మాత్రలు మింగేవారు ఎందరో.

మల విసర్జన అలవాటు మారి మూడు నాలుగు వారాలు దాటినా, మలంలో రక్తం కలిసిపోయి కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, వైద్యుని దర్శించాలి. మొలలు ఉన్నట్లు తేలినంత మాత్రాన అనుమానం తీరిపోదు. మొలలూ క్యాన్సరూ ఒకే మనిషిలో ఉండవచ్చును.

వేలితో చేసే పరీక్ష

వైద్యుడు తొడుగు వేసుకొన్న చూపుడువేలితో పురీషనాళాన్ని పరీక్షిస్తాడు. దీనికి యంత్రం అక్కరలేదు. ఒక నిమిషం చాలును. క్రిందిభాగంలో ఉన్న గడ్డలను ఈ పరీక్షలోనే పట్టుకోవచ్చును. అయినను రోగి సిగ్గువలన, వైద్యుడు తొందరవలన ఈ పరీక్షను విడిచిపెట్టడం తరచు జరుగుతున్నది. మొలలకు మందు వ్రాసే ముందు ఈ పరీక్ష జరిగినదా అని అడగడం రోగికి గల హక్కు.

మలంలో కంటికి కానరాని రక్తాన్ని గుర్తించే పరీక్ష మరొకటి. ఏటా ఈ పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ క్యాన్సరు మరణాలు మూడవవంతు తగ్గినట్లు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిపిన పరిశోధన 1993లో వెల్లడించింది. రక్తం ఉన్నట్లు తేలితే తరువాతి మెట్టు కొలనోస్కోపీ. వంగే స్వభావం గల సన్నని గొట్టం చివర దీపం, కెమెరా అమర్చి, మలద్వారం గుండా పెద్దప్రేగు అంతటినీ చూస్తారు. ముందురోజు ప్రేగులను పూర్తిగా శుభ్రపరచే మందు త్రాగడమే రోగికి అన్నిటికంటె కష్టమైన భాగం. ఇబ్బంది తెలియకుండా మత్తు ఇస్తారు. ప్రేగుకు రంధ్రం పడటం వంటి ప్రమాదాలు లేకపోలేదు గాని, అవి అరుదు.

1969లో న్యూయార్కు నగరంలో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు ఈ గొట్టం గుండానే తీగ ఉచ్చును పంపి, పొట్ట కోయకుండా పాలిప్‌ను తెగగోసి తీయడం ప్రారంభించారు. నాటినుండి కొలనోస్కోపీ పరీక్ష మాత్రమే కాదు, చికిత్స కూడ అయినది.

1985 జులైలో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ చిన్న పాలిప్ ఒకటి తీయించుకొనుటకు ఆసుపత్రిలో చేరగా, ప్రేగును పూర్తిగా చూచిన వైద్యులకు కుడివైపు మొదలులో మరొక పెద్ద పాలిప్ కనబడినది. శస్త్రచికిత్స చేసి తీయగా అందులో క్యాన్సరు ఉన్నట్లు తేలినది. అప్పటికి ఆయన వయస్సు 74. అటుపిమ్మట ఆయన 2004 వరకు, 93వ ఏట వరకు జీవించాడు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ చలనచిత్ర నటుడు చాడ్విక్ బోస్‌మన్. 2016లో ఆయన వ్యాధి బయటపడేసరికి అది మూడవ దశలో ఉన్నది. 2020 ఆగస్టులో, 43 ఏళ్లకే ఆయన మరణించాడు. వయస్సు తక్కువ గనుక ఈ వ్యాధి రాదనుకొనరాదు. అందుచేతనే 2021లో అమెరికా నిపుణుల సంఘం, ఏ లక్షణమూ లేనివారు సైతం 50వ ఏట గాక 45వ ఏటనే పరీక్షలు ప్రారంభించాలని సూచించింది.

చికిత్స, సంచి, సమాజం

క్యాన్సరు ప్రేగుగోడలో ఎంతలోతుకు చొచ్చినది, లసికాగ్రంథులకు ప్రాకినదా అనే దానిని బట్టి రోగి భవిష్యత్తు ఉంటుందని లండనులోని సెంట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యుడు కత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో నిరూపించాడు. నేటికీ దశల విభజనకు ఆ సూత్రమే పునాది. అమెరికా లెక్కల ప్రకారం ప్రేగు దాటకముందే వ్యాధిని పట్టుకొన్నవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేళ్లు దాటి జీవిస్తున్నారు. దూరపు అవయవాలకు ప్రాకిన తరువాత ఆ సంఖ్య 15 దరిదాపులకు పడిపోతున్నది.

ప్రధాన చికిత్స శస్త్రచికిత్సయే. వ్యాధి సోకిన భాగాన్ని, దాని చుట్టూ ఉన్న గ్రంథులతో సహా తొలగించి, మిగిలిన రెండు కొనలను కలుపుతారు. పురీషనాళం చుట్టూ ఉన్న కొవ్వుపొరను చెదరకుండా ఒకే సంచివలె తీసే పద్ధతిని ఇంగ్లండు శస్త్రవైద్యుడు బిల్ హీల్డ్ 1982లో ప్రకటించాడు. దానివలన వ్యాధి అక్కడనే మరల తలయెత్తడం చాలవరకు తగ్గినది. అవసరాన్ని బట్టి రేడియేషన్, మందుల చికిత్స తోడవుతాయి. 1957లో రూపొందిన ఫ్లూరోయురాసిల్ నేటికీ ఆ మందులలో ముఖ్యమైనదే. 2022లో న్యూయార్కు వైద్యులు ఒక ప్రత్యేక జన్యుదోషం గల పురీషనాళపు క్యాన్సరు రోగులకు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందు మాత్రమే ఇవ్వగా, మొదటి 12 మందిలోను గడ్డ కనబడకుండా పోయినది. అయితే అట్టి జన్యుదోషం కొద్దిమంది రోగులలోనే ఉంటుంది.

క్యాన్సరు మలద్వారానికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు, పొట్టపై చిన్న ద్వారం ఏర్పరచి, మలం సంచిలో పడే ఏర్పాటు చేస్తారు. కొందరికి ఇది కొన్ని నెలలకే, కొందరికి జీవితాంతం. ఈ సంచి భయమే ఎందరినో శస్త్రచికిత్సకు దూరం చేస్తున్నది. నేటి సంచులు వాసన రానీయవు, బట్టలక్రింద కనబడవు. వానితో పనిచేయవచ్చును, ప్రయాణం చేయవచ్చును, సంసారం సాగించవచ్చును. లోపం సంచిలో లేదు; దానిని చూచి ముఖం త్రిప్పుకొనే మనలో ఉన్నది. భర్తకు వేరే కంచం, వేరే పడక ఏర్పాటు చేసే ఇల్లు, తెలియక అయినా, వ్యాధికంటె ఎక్కువ బాధ పెడుతున్నది. ఇది అంటువ్యాధి కాదు.

జొన్నరొట్టె మరచిన కంచం

ఐరిష్ వైద్యుడు డెనిస్ బర్కిట్ ఉగాండాలో పనిచేసిన కాలంలో, అక్కడి పల్లెవాసులకు పెద్దప్రేగు వ్యాధులు అరుదని గమనించాడు. పీచు అధికంగా ఉన్న వారి ఆహారమే కారణమని 1970ల దశకంలో వాదించాడు. అతని వాదంలోని ప్రతి అంశమూ నిలువలేదు గాని, పొట్టుతో కూడిన ధాన్యాలు, పీచు ఈ క్యాన్సరును కొంతమేర తగ్గిస్తాయని తరువాతి పరిశోధనలు బలపరచినాయి.

తెలంగాణ పల్లెలలో పెద్దలు తిన్న జొన్నరొట్టె, గటక, పప్పు, ఆకుకూర ఈ కోవకు చెందినవే. నగరానికి వచ్చిన తరువాత పాలిష్ బియ్యం, మైదా, నూనెలో వేగిన ఫలహారాలు వాని స్థానాన్ని ఆక్రమించినాయి. విచిత్రమేమనగా, సూరత్ వాసులు చలికాలంలో పచ్చిజొన్న కంకులను కాల్చి, 'పోంక్' అను పేరుతో ప్రీతిగా తింటారు. మనవారు ఊరిలో వదలివచ్చిన జొన్న అక్కడ వేడుకగా వెలసియున్నది.

మద్యం, పొగాకు, స్థూలకాయం, శరీరశ్రమ లేమి ఈ క్యాన్సరు ప్రమాదాన్ని పెంచుతాయి. ఉప్పు, రసాయనాలతో నిలువచేసిన మాంసం క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ 2015లో ప్రకటించింది. అలవాట్లకు అతీతమైనది వంశం. ఒక అరుదైన జన్యుదోషం గల కుటుంబాలలో యౌవనంలోనే వందలకొలది పాలిప్‌లు మొలుస్తాయి. ప్రేగును తొలగించకపోతే క్యాన్సరు దాదాపు తప్పదు. లించ్ సిండ్రోమ్ అనబడే మరొక దోషం తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రికో, తోబుట్టువుకో ఈ వ్యాధి వచ్చినవారు 40 ఏళ్లకు, లేదా వారికి వ్యాధి వచ్చిన వయస్సుకు పదేళ్లు ముందుగా — ఏది ముందైతే అది — పరీక్ష ప్రారంభించాలి.

సూరత్ నేర్పిన పాఠం

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడు నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు, ఆయన సిబ్బంది ఆ మురికి నగరాన్ని దేశం మెచ్చుకొనే శుభ్రనగరంగా మార్చివేశారు. ప్లేగు అందరికీ కనబడిన భయం. ప్రేగు క్యాన్సరు ఒక్కొక్కరి మరుగుదొడ్డిలో ఒంటరిగా ఎదురయ్యే భయం. దానిని చూచి ఊరు ఖాళీ కాదు. ఏ వార్తాపత్రికా కేకవేయదు.

జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్లకు ముందస్తు పరీక్షలు ఉన్నాయి గాని, ప్రేగు క్యాన్సరుకు అట్టి ఏర్పాటు లేదు. అందుచేత హెచ్చరికను గుర్తించవలసిన భారం మనిషిపైననే పడుతున్నది. సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థవారి స్మిమర్ ఆసుపత్రి కలవు. ఉత్తరాన అహ్మదాబాదులో 1972లో స్థాపితమైన గుజరాత్ క్యాన్సరు పరిశోధన సంస్థ, దక్షిణాన ముంబయిలో 1941 నాటి టాటా స్మారక ఆసుపత్రి కొన్ని గంటల రైలు ప్రయాణంలో ఉన్నాయి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందిస్తున్నది. ఒక రాష్ట్రపు కార్డు మరొక రాష్ట్రంలో కూడ చెల్లుతుంది. 14555 నంబరుకు ఫోను చేసి అర్హత తెలిసికొనవచ్చును.

సాంచపై ఒక పోగు తెగితే నేతగాడు వెంటనే మగ్గం ఆపి ముడివేస్తాడు. ఆపకపోతే గుడ్డ అంతా చెడుతుందని అతనికి తెలుసును. ఆ వివేకమే తన శరీరం పట్ల కూడ చూపగలిగితే, ఒక పూట కూలి నష్టంతో ఒక కుటుంబపు ఆధారం నిలుస్తుంది.